రెండో టెలిస్కోపు కోసం మొదటిదాని నోట్‌బుక్ తిరగేసిన వైనం

నా మొదటి టెలిస్కోపు 70 మిల్లీమీటర్ల కటకం, 700 మిల్లీమీటర్ల నాభ్యంతరం (కటకం నుంచి బొమ్మ ఏర్పడే చోటి దాకా ఉండే దూరం) ఉన్న చిన్న రిఫ్రాక్టర్, అంటే కటకంతో పనిచేసే రకం. చంద్రుడి మీది గుంతలను, శని వలయాలను, గురుగ్రహం చుట్టూ ఏ రాత్రికా రాత్రి చోటు మార్చుకునే నాలుగు ఉపగ్రహాలను నాకు మొదట చూపించినది అదే కాబట్టి దానిని చులకన చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. అయినా కొన్నేళ్ళు వాడిన తరువాత అందరికీ పట్టుకునే జబ్బే నాకూ పట్టుకుంది: ఇంకాస్త పెద్దది కావాలి. ఎంత పెద్దది, దేనిని చూడడానికి, దానిని ఎవరు మోస్తారు అన్న ప్రశ్నలు వేసుకోకుండా ఆ కోరిక వెంట పడితే రెండో టెలిస్కోపు కూడా అటక ఎక్కడం ఖాయం. పైగా నేను పక్కన పెట్టుకున్న డబ్బు తక్కువ. ఒకసారి పొరపాటు చేస్తే చాలా ఏళ్ళు ఆ పొరపాటుతోనే ఆకాశం చూడవలసి వస్తుంది.

అందుకని ధరల పట్టికలు తెరవక ముందే నా పరిశీలనల నోట్‌బుక్ తెరిచాను. తేదీ, చూసిన వస్తువు, వాడిన ఐపీస్ (కన్ను ఆనించి చూసే చిన్న కటకాల గొట్టం), కనిపించినదీ కనిపించనిదీ రాసుకునే అలవాటు మొదటి నుంచీ ఉంది. ఒక మధ్యాహ్నం కూర్చుని మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివి, నిరాశతో ముగిసిన ప్రతి రాత్రికీ పక్కన పెన్సిల్‌తో కారణం రాశాను. చదువుతున్నంత సేపూ కొంత సిగ్గు కూడా కలిగింది; కొన్ని వాక్యాలను ఏళ్ళ తరబడి ఒక్క అక్షరం తేడా లేకుండా మళ్ళీ మళ్ళీ రాశాను. హెర్క్యులిస్ రాశిలోని ఎం13 నక్షత్రగుచ్ఛం గురించి ఎన్నిసార్లు చూసినా ఒకటే మాట: "దూదిపింజ లాంటి మచ్చ. చుక్కలు విడివడలేదు."

ఇది నిస్సందేహంగా కాంతి చాలకపోవడం వల్ల వచ్చిన లోటు. టెలిస్కోపు పోగుచేసే కాంతి దాని వ్యాసానికి వర్గానుపాతంలో పెరుగుతుంది కాబట్టి 70 మిల్లీమీటర్లతో పోలిస్తే 150 మిల్లీమీటర్ల అద్దం సుమారు 4.6 రెట్లు, 200 మిల్లీమీటర్ల అద్దం 8 రెట్లకు పైగా కాంతిని కంటికి అందిస్తాయి. లక్షల నక్షత్రాలు ముద్దగా కూడిన ఎం13 లాంటి గుచ్ఛం అంచుల్లో చుక్కలు విడివిడిగా మెరవడానికి ఆ పెరుగుదలే కావాలి. 70 నుంచి 90కో 100కో మారితే పెట్టె మారుతుంది గాని, ఐపీస్‌లో కనిపించే దృశ్యం అంతగా మారదు. రెండో టెలిస్కోపు వ్యాసం మొదటిదానికి కనీసం రెట్టింపు ఉండాలని నేను గీసుకున్న గీత అక్కడి నుంచి వచ్చింది.

కాని అన్ని పుటలూ అదే కథ చెప్పలేదు. అభిజిత్ నక్షత్రం పక్కనే ఎప్సిలాన్ లైరే ఉంటుంది. చిన్న బైనాక్యులర్లో రెండుగా కనిపించే ఆ నక్షత్రంలో ఒక్కొక్కటీ మళ్ళీ ఒక జంట. ఒక్కో జంటలోని రెండు చుక్కల మధ్య ఎడం రెండుంబావు ఆర్క్‌సెకన్లకు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) అటూ ఇటూ. దానిని 5 మిల్లీమీటర్ల ఐపీస్‌తో, అంటే నాభ్యంతరం 700ను 5తో భాగిస్తే వచ్చే 140 రెట్ల ఆవర్ధనంతో, విడదీయడానికి ప్రయత్నించిన రాత్రి నోట్‌బుక్‌లో వివరంగా ఉంది. ఫోకస్ మర తాకగానే చుక్కలు వణికేవి. ఒకటి, రెండు, మూడు అని అయిదు దాకా లెక్కపెడితే వణుకు ఆగేది. ఆగాక చూస్తే ఫోకస్ కుదరలేదని తెలిసేది. మళ్ళీ మర తిప్పడం, మళ్ళీ లెక్కపెట్టడం. అలా ముప్పావు గంట గడిచాక "ఈ కటకానికి చేతకాదు" అని రాసి లోపలికి వచ్చేశాను.

ఆ తీర్పు అన్యాయమైనది. పక్కపక్కనే ఉన్న రెండు సమాన నక్షత్రాలను ఒక టెలిస్కోపు విడదీయగల హద్దును లెక్కగట్టడానికి డాస్ సూత్రం ఉంది: 116ను మిల్లీమీటర్లలో వ్యాసంతో భాగిస్తే ఆ హద్దు ఆర్క్‌సెకన్లలో వస్తుంది. 70 మిల్లీమీటర్లకు అది 1.66. అంటే రెండుంబావు ఆర్క్‌సెకన్ల జంటను విడదీసే సత్తా కటకానికి ఉంది. లేనిది దాని కింది ట్రైపాడ్‌కు. ఈ సంగతి తెలిశాక మిగిలిన పుటలు కూడా మళ్ళీ చూశాను. నిరాశ కలిగించిన రాత్రుల్లో దాదాపు సగానికి కారణం వ్యాసం కాదు, వణుకు. పెద్ద గొట్టాన్ని అంతే బలహీనమైన కాళ్ళ మీద నిలబెట్టి అమ్మే టెలిస్కోపు కొని ఉంటే, ఎక్కువ డబ్బు పెట్టి అదే వణుకును ఇంకాస్త స్పష్టంగా చూసేవాణ్ణి.

మూడో కారణం ఏ టెలిస్కోపుతోనూ తీరేది కాదు. ఊరి దీపాల వెలుగులో గెలాక్సీలు, నీహారికలు వెలవెలబోతాయి. వ్యాసం పెంచితే వాటితో పాటు ఆకాశపు వెలుగు కూడా పెరుగుతుంది. చంద్రుడు, గ్రహాలు, జంట నక్షత్రాల విషయంలో ఆ ఇబ్బంది దాదాపు లేదు. మన ఆకాశం ఎంత చీకటిగా ఉందో చూసుకోకుండా గెలాక్సీల కోసమే పెద్ద అద్దం కొనడం కంటే, ఉన్న చిన్నదానినే పట్టుకుని చీకటి ఉన్న చోటికి వెళ్ళడం మేలు.

ఇక సరుకు వెతకడం. మొదట్లోనే ఒక ఉచ్చులో పడబోయాను. వాడినది అమ్ముతామని ఒకరు చూపించిన టెలిస్కోపు మీద వ్యాసం 114, నాభ్యంతరం 1000 అని రాసి ఉంది, ధర కూడా అందుబాటులోనే ఉంది. గొట్టం పొడవు చూస్తే అర మీటరుకు మించి లేదు. అద్దంతో కాంతిని పోగుచేసే మామూలు న్యూటన్ తరహా టెలిస్కోపులో గొట్టం పొడవు ఇంచుమించు నాభ్యంతరమంత ఉండాలి. అంత లేదంటే ఐపీస్ తగిలించే ఫోకసర్ గొట్టంలో ఎక్కడో ఒక కటకం దాక్కుని నాభ్యంతరాన్ని సాగదీస్తున్నదని అర్థం. ఈ రకాన్ని బర్డ్-జోన్స్ అంటారు. పద్ధతిలో తప్పు లేదు గాని, చవకగా తయారైన వాటిలో గోళాకారపు అద్దం చేసే దోషాన్ని ఆ కటకం సరిగా దిద్దదు, అద్దాలను ఒక అక్షంలోకి తెచ్చే కాలిమేషన్‌కు అది అడ్డం కూడా వస్తుంది. వివరపత్రంలోని అంకె కంటే చేతిలోని కొలత టేపు నమ్మదగినదని అప్పుడు తెలిసింది.

ఆ తరువాత గట్టిగా ఆలోచించినవి మూడు. 127 మిల్లీమీటర్ల మక్సుటోవ్-కాసెగ్రెయిన్ (అద్దాలతో పాటు ముందు ఒక గాజు కటకం ఉండే రకం) గొట్టం ఒక్క చేత్తో పట్టుకునేంత పొట్టిది, గ్రహాలను చాలా చక్కగా చూపిస్తుంది. కాని దాని నాభ్యంతరం 1500 మిల్లీమీటర్లు కావడంతో మామూలు 1.25 అంగుళాల ఐపీస్‌లతో ఒక డిగ్రీకి మించి ఆకాశం కనిపించదు; మూసిన గొట్టం కాబట్టి బయటి చలికి సర్దుకోవడానికి సమయం తీసుకుంటుంది; ముందున్న గాజు మీద మంచు పడుతుంది; అన్నిటికీ మించి, దానికి గట్టి మౌంట్, అంటే గొట్టాన్ని మోసి తిప్పే పీఠం, విడిగా కావాలి. మీటలు నొక్కితే తనే వస్తువును వెతికిపెట్టే గోటూ రకాల్లో, తక్కువ ధర దగ్గర, డబ్బులో పెద్ద భాగం మోటార్లకు పోయి అద్దానికి మిగిలేది కొంచెమే. వెతుక్కోవడంలో నాకు విసుగు లేదు, నిజానికి సగం ఆనందం అందులోనే ఉంది కాబట్టి దానిని వదిలేశాను. ఫోన్ తెరమీద బొమ్మ చూపించే కొత్త రకాల జోలికి అసలు పోలేదు. చాలా బాగుంటాయి, కాని నాకు కావలసినది ఐపీస్‌కు కన్ను ఆనించి చూడడం.

మిగిలినది డాబ్సోనియన్. దీని వెనక ఉన్న మనిషి గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. జాన్ డాబ్సన్ 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని వేదాంత ఆశ్రమంలో చేరిన సన్యాసి. చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా ఓడ కిటికీల మందపు గాజు సంపాదించి, ఆశ్రమంలో ఎవరికీ వినబడకుండా అద్దాలు అరగదీసుకున్నాడు. చివరికి 1967లో ఆశ్రమం నుంచి పంపివేశారు. ఆ తరువాత ఆయన వీధి పక్కన టెలిస్కోపు నిలబెట్టి, దారిన పోయేవాళ్ళను పిలిచి చంద్రుణ్ణి చూపించడమే పనిగా పెట్టుకున్నాడు. చెక్కపెట్టె మీద ఫిరంగిలా కూర్చుని, టెఫ్లాన్ ముక్కల మీద జారుతూ, వేలితో నెడితే కదిలి వదిలితే ఆగిపోయే ఆ మౌంట్‌లో ట్రైపాడూ లేదు, మోటారూ లేదు. పెట్టిన డబ్బంతా అద్దంలోకి పోతుంది. నా నోట్‌బుక్‌లోని రెండు ఫిర్యాదులకూ, అంటే కాంతికీ వణుకుకీ, ఒకే జవాబు ఇందులో దొరికింది.

వ్యాసం 150 మిల్లీమీటర్లా, 200 మిల్లీమీటర్లా అన్నదే చివరి తర్జనభర్జన. రెండింటికీ సాధారణంగా నాభ్యంతరం 1200 మిల్లీమీటర్లే, గొట్టం పొడవు ఇంచుమించు ఒకటే. చాలామంది 200 కొనమనే చెప్తారు, ఎం13 విషయంలో వాళ్ళ మాట నిజమే. అయితే 200 మిల్లీమీటర్లది మొత్తం బరువు 20 కిలోల పైమాటే. కొనకముందే ఆ బరువు ఎలా ఉంటుందో తెలుసుకుందామని 20 లీటర్ల నీళ్ళ డబ్బా నింపి మెట్లెక్కి మేడ మీదికి మోసుకుపోయాను. మొదటి రోజు హుషారుగానే ఉంది. రెండో రోజు రాత్రి పది దాటాక మళ్ళీ మోశాను. మూడో రోజు ఆకాశం నిర్మలంగా ఉన్నా డబ్బా దగ్గరికి వెళ్ళి, దాని వైపు చూసి, వెనక్కి వచ్చి పడుకున్నాను. గొట్టాన్నీ పెట్టెనూ విడదీసి రెండు విడతల్లో మోయవచ్చునన్నది నిజమే, కాని ఆ రెండో విడతే మనిషిని మంచం మీద నుంచి లేవనివ్వదు.

150 వైపు మొగ్గడానికి బరువు ఒక్కటే కారణం కాదు. నాభ్యంతరాన్ని వ్యాసంతో భాగిస్తే 150కి వచ్చే నిష్పత్తి 8, 200కి 6. నిష్పత్తి 8 ఉన్నప్పుడు కాలిమేషన్ కాస్త అటూ ఇటూ అయినా అద్దం క్షమిస్తుంది, చవక ఐపీస్‌లు కూడా అంచుల దాకా ఫరవాలేదనిపిస్తాయి. నిష్పత్తి 5కు దగ్గరపడే కొద్దీ అంచుల్లోని చుక్కలు తోకచుక్కల్లా సాగిపోతాయి, వాటిని సరిచేసే ఐపీస్‌ల ధర టెలిస్కోపు ధరతో పోటీ పడుతుంది. అందుబాటు ధర అంటే గొట్టం ధర ఒక్కటే కాదని ఈ లెక్కతో బోధపడింది.

వాడిన 150 ఒకటి దొరికింది. చూడడానికి వెళ్ళినప్పుడు అద్దం మీద టార్చి వెయ్యలేదు. టార్చి వెలుగులో ఎంత మంచి అద్దమైనా పాడైపోయినట్టే కనిపిస్తుంది, పైపైన ఉన్న దుమ్ము దృశ్యాన్ని దాదాపు ఏమీ చెయ్యదు. చూడవలసినవి పూత పలచబడిన మచ్చలు, తడికి ఉబ్బిన చెక్క అంచులు, వదులైన ఫోకసర్, అద్దం వెనక ఉండే కాలిమేషన్ మరలు. ఆ మరల్లో ఒకటి తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. దానిని చూపించి ధర కొంత తగ్గించుకున్నాను, ఇంటికి వచ్చాక ఒక చుక్క నూనెతో అది వదిలింది. చీకటి పడే దాకా ఆగి ధ్రువ నక్షత్రం మీద కూడా పరీక్షించాను. అది దాదాపు కదలదు కాబట్టి నెట్టుకోవలసిన పని లేదు. ఫోకస్‌ను కొంచెం లోపలికీ, కొంచెం బయటికీ జరిపినప్పుడు చుక్క చుట్టూ ఏర్పడే వలయాలు గుండ్రంగా, రెండు వైపులా ఒకే తీరుగా ఉంటే అద్దం బాగున్నట్టే.

దానితో వచ్చిన 25, 10 మిల్లీమీటర్ల ఐపీస్‌లు 48, 120 రెట్లు ఇస్తాయి. మిగిల్చిన డబ్బుతో 200 రెట్లు ఇచ్చే 6 మిల్లీమీటర్లదీ, కాలిమేషన్‌కు ఒక చెషైర్ గొట్టమూ కొన్నాను. అంతకు మించిన ఆవర్ధనాన్ని చాలా రాత్రులు గాలి తెరలే నిలవనివ్వవు. నా మొదటి టెలిస్కోపు పెట్టె మీద 525 రెట్లు అని అచ్చువేసి ఉండేది. 4 మిల్లీమీటర్ల ఐపీస్‌కు ఆవర్ధనాన్ని 3 రెట్లు చేసే బార్లో కటకం తగిలిస్తే లెక్క సరిగ్గానే వస్తుంది, కనిపించేది మాత్రం బూడిద రంగు మసక.

మొదటి రాత్రి ఎం13 కంటే ముందు ఎప్సిలాన్ లైరే వైపే తిప్పాను. 200 రెట్ల దగ్గర ఫోకస్ మర తిప్పి, అలవాటు కొద్దీ ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపే చుక్కలు కుదురుకున్నాయి. నాలుగు చుక్కలు, రెండు జంటలు, రెండింటి మధ్యా నల్లని సందు. కాసేపటి తరువాత చూసిన ఎం13లో మధ్యభాగం ఇంకా ముద్దగానే ఉంది గాని, కొంచెం పక్కకు చూపు మళ్ళిస్తే అంచుల్లో ఇసుక చల్లినట్టు సన్నని చుక్కలు వస్తూ పోతూ ఉన్నాయి. నోట్‌బుక్‌లో ఆ పేరు పక్కన కొత్త వాక్యం రాశాను.

70 మిల్లీమీటర్లదానిని అమ్మేద్దామనుకున్నాను గాని, అమ్మలేదు. కృత్తికలు దాదాపు రెండు డిగ్రీల మేర పరుచుకుని ఉంటాయి. నా ఐపీస్‌లతో కొత్త టెలిస్కోపు ఒక్కసారిగా చూపించగలిగేది ఒక డిగ్రీకి కాస్త పైన. ఆ గుంపు మొత్తం ఒకే చూపులో కావాలంటే ఇప్పటికీ పాతదే బయటికి తీయాలి. ట్రైపాడ్ కాళ్ళను మాత్రం బాగా కుదించి, నడుమ ఇటుకలు నింపిన సంచి వేలాడదీస్తున్నాను. వణుకు ఇప్పుడు రెండు లెక్కపెట్టేలోపు ఆగుతోంది.