నాన్న లారీ అమ్మ పేరుకు మారేసరికి

ఫిబ్రవరిలో నాన్న పోయిన రోజున మా పన్నెండు టైర్ల బండి గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎత్తుకుని నాగపూర్ దారిలో ఉంది. పెద్దకర్మ అయిన మర్నాడు డ్రైవర్ బాబాయ్ విజయవాడలో మా ఇంటికొచ్చి, "అమ్మాయ్, తర్వాతి లోడుకు ఒప్పుకోనా, బండి ఆపేయనా?" అని అడిగాడు. మిర్చి సీజన్ అది. కిస్తీ నెలనెలా కట్టాలి. ఆర్‌సీ, నేషనల్ పర్మిట్, ఇన్సూరెన్స్ అన్నీ నాన్న పేరు మీదే ఉన్నాయి. ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

ఆటోనగర్‌లో నాన్న స్నేహితుడొకాయన అప్పుడు ఒక్క మాట చెప్పి మమ్మల్ని కాపాడారు. "ముందు ఉత్తరం రాయండమ్మా, మిగతావి తర్వాత." మోటారు వాహనాల చట్టం 82వ సెక్షన్ ప్రకారం, పర్మిట్ ఉన్న మనిషి చనిపోతే బండి ఎవరి చేతికి వచ్చిందో వాళ్లు 30 రోజుల్లోపు ఆ సంగతి, బండి తాము నడుపుకుంటామన్న సంగతి పర్మిట్ ఇచ్చిన అధికారికి తెలియజేయాలి. అలా చేస్తే మూడు నెలలు ఆ పర్మిట్ మీదే తిప్పుకోవచ్చు. అప్పటికి మాకు పన్నెండు రోజులే మిగిలాయి. ఆ సాయంత్రమే అమ్మ చేత సంతకం పెట్టించి, మర్నాడు డెత్ సర్టిఫికెట్ జిరాక్సు జతచేసి రవాణా శాఖ ఆఫీసులో ఇచ్చాను. సీలు వేసిన కాపీ ఒకటి బాబాయ్ క్యాబిన్‌లో పెట్టుకున్నాడు. ఇన్సూరెన్స్ పాలసీ కాగితాల్లోనూ ఇలాంటి షరతే కనిపించింది: యజమాని పోయినా మూడు నెలలు, లేదా పాలసీ ముగిసేదాకా, ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది. అది చదివాకే నాకు కాస్త నిద్ర పట్టింది.

ఆర్‌సీ మార్చడానికి ఫారం 31 పెట్టాలి. దానికి కావలసిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం సచివాలయంలో దరఖాస్తు పెట్టాం. వీఆర్వో గారు వచ్చి పక్కింటివాళ్లను విచారించి వెళ్లారు. బండి అమ్మ పేరున మారడానికి అభ్యంతరం లేదని నేనూ తమ్ముడూ నోటరీ అఫిడవిట్ ఇచ్చాం. ఇదంతా తేలిగ్గానే నడిచింది. ఇబ్బంది పేరు దగ్గర వచ్చింది. ఆర్‌సీలో నాన్న ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా ఉంది, డెత్ సర్టిఫికెట్‌లో అసలు ఇంటిపేరే లేదు. మూడూ ఒక్క మనిషివేనని ఇంకో అఫిడవిట్ రాయాల్సి వచ్చింది. మన ఇళ్లలో బండ్లున్న ప్రతి ఒక్కరూ ఈ రోజే ఆర్‌సీ, ఆధార్ పక్కపక్కన పెట్టి చూసుకోండి. మనిషి ఉండగా ఇది చిన్న పని.

అప్పు ఇంకా తీరలేదు కాబట్టి ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, లేకుండా యజమాని పేరు మారదు. అమ్మ పేరున కొత్త అగ్రిమెంట్ రాసి ఆ ఒక్క కాగితం ఇవ్వడానికి వాళ్లు నెల రోజులు తీసుకున్నారు. మూడు నెలల గడువులో ఒక నెల వాళ్ల బల్ల మీదే గడిచింది. ఆ రోజుల్లో పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

అన్నిటికన్నా కష్టమైంది నాన్న ఫోను. బండి రికార్డులో ఉన్నది ఆయన నంబరు. ఆన్‌లైన్‌లో ఏం చేయబోయినా ఓటీపీ దానికే వెళ్తుంది. మోగితే అమ్మ తట్టుకోలేకపోతోందని దాన్ని మేము ఎప్పుడో ఆపేశాం. రీఛార్జ్ చేయించి మళ్లీ ఆన్ చేశాను. ఓటీపీ కంటే ముందు బ్రోకర్ల ఫోన్లు వచ్చాయి. "ఏమండీ, బండి ఖాళీగా ఉందా?" అని నాన్నను అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పాను. నాలుగో ఫోనుకు అమ్మే నా చేతిలోంచి తీసుకుని, "ఆయన లేరండీ. బండి నేను చూసుకుంటున్నాను, లోడు ఎక్కడికి?" అంది.

మే మొదటి వారంలో ఆర్‌సీ అమ్మ పేరుకు మారింది. ఆ వెంటనే పర్మిట్, ఆ తర్వాత ఇన్సూరెన్స్ మార్పించాం. ఈ వరస తప్పితే కుదరదు, ఆర్‌సీ మారనిదే మిగతావాళ్లు కాగితం ముట్టుకోరు. పర్మిట్ ఐదేళ్లదైనా, వేరే రాష్ట్రాల్లో తిరగడానికి ఇచ్చే ఆథరైజేషన్ ఏటా తీసుకోవాలి. ఆ రాష్ట్రాలన్నిటికీ కలిపి కట్టే కాంపోజిట్ ఫీజు 16,500, ఆథరైజేషన్ ఫీజు 1,000 రూపాయలు. ఆ తేదీ, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తేదీ, మూడు నెలలకోసారి కట్టే ట్యాక్స్ తేదీ అమ్మ వంటింటి క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసుకుంది.

చివరికి మిగిలింది ఫాస్టాగ్. నాన్న కేవైసీతో ఉన్నదాన్ని మూయించి, అమ్మ పేరున కొత్తది తీసుకున్నాం. బాబాయ్ పాత స్టిక్కర్ గీకేసి కొత్తది అంటించి గుంటూరు బయల్దేరాడు. కాసేపటికి అమ్మ ఫోను మోగింది. కళ్లజోడు పెట్టుకుని మెసేజ్ చదివి, "బండి కాజ టోల్‌గేట్ దాటిందే" అంది.