ఏసీ పైపు, కింది ఇంటి వడియాలు

నిన్న రాత్రి మా బెడ్‌రూంలో ఏసీ కింద పెట్టిన బకెట్ తీసేశాం. తొమ్మిది రోజులుంది అది అక్కడ. నా గోళ్ల సందుల్లో మాత్రం పసుపు ఇంకా పోలేదు. ఏసీకీ పసుపుకీ సంబంధం ఏంటంటారా, ఉంది, వినండి.

మాది నిజాంపేటలో నాలుగో అంతస్తు. ఎదురుగా ఏడాది నుంచి బిల్డింగ్ కడుతున్నారు, పొద్దున తుడిచిన టేబుల్ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఏసీ ఒకటిన్నర టన్ను స్ప్లిట్, కొని నాలుగేళ్లయింది. మొన్నామధ్య గాలివాన పడి ఉక్కపోత మొదలైన రాత్రి, రెండింటికి మా ఆవిడ లేపి "దిండు తడిగా ఉంది, చూడు" అంది. ఇండోర్ యూనిట్ మూల నుంచి గోడ వెంబడి నీళ్లు కారుతున్నాయి. బకెట్ పెట్టి పడుకున్నాం కానీ ఆ టప్పు టప్పు శబ్దానికి నిద్రెక్కడ?

ఫోన్ చేస్తే మూడో రోజుకి ఒక మెకానిక్ వచ్చాడు. కవర్ తీయలేదు, గ్యాస్ ఒత్తిడి చూసే గేజీ పెట్టలేదు, కింద నుంచే చూసి "గ్యాస్ అయిపోయింది సార్, మూడు వేల రెండొందలు" అన్నాడు. ఎలా తెలిసింది అంటే "నాలుగేళ్లు అయింది కదా సార్, అయిపోతది" అన్నాడు. అదేమన్నా పెట్రోలా అయిపోవడానికి? ఏసీలో గ్యాస్ మూసిన పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది, ఎక్కడైనా లీకైతే తప్ప తగ్గదు, లీకైతే ముందు దాన్ని మూయాలి గానీ ఊరికే నింపితే మళ్లీ పోతుంది. మా ఫ్రిజ్ పదకొండేళ్లుగా కొన్నప్పటి గ్యాస్‌తోనే నడుస్తోంది. పైగా అవుట్‌డోర్ యూనిట్ మీద ఆర్32 అని గ్యాస్ రకం రాసిన స్టిక్కర్ ఉంటే, తన దగ్గర ఆర్22 ఉంది, అదైనా పర్లేదన్నాడు! ఆర్32 కి కాస్త అంటుకునే గుణం ఉంది, దేనికి ఏది రాసి ఉంటే అదే నింపాలి. గ్యాస్ తగ్గినా లోపల చల్లబడే కాయిల్ మీద ఐసు కట్టి, కరిగి నీళ్లు కారతాయి, అది కాదనను. కానీ మా గది చల్లగానే ఉంది కదా. విజిటింగ్ చార్జి నాలుగొందలు తీసుకుని మరీ వెళ్లాడు మహానుభావుడు.

ఇక ఆదివారం నేనే దిగాను. ముందు కరెంటు బోర్డులో ఏసీ ఎంసీబీ స్విచ్ దించాను (రిమోట్‌తో ఆపితే ఆగినట్టు కాదు, లోపల బోర్డుకి కరెంటు వస్తూనే ఉంటుంది). ఫిల్టర్లు తీసి కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టాను, ఎండలో పెడితే వంకర పోతాయి. అయిదు నిమిషాల పని. ఈ దుమ్ములో రెండు వారాలకోసారి చేయాల్సింది, నేను చివరిసారి చేసింది సంక్రాంతికి. బోర్డు ఉన్న వైపు పాలిథిన్ కవర్ చుట్టి, కాయిల్‌ని మెత్తటి బ్రష్‌తో పై నుంచి కిందికి దులిపాను. ఆ సన్న రేకుల్ని చేత్తో ముట్టుకోకండి, బ్లేడులా కోస్తాయి. బాత్రూం యాసిడ్ కొట్టమని సలహా ఇచ్చే మా బావలాంటి వాళ్ల మాట అసలు వినకండి, అల్యూమినియంని తినేస్తుంది. అవుట్‌డోర్ యూనిట్ జోలికి పోలేదు. అది గ్రిల్ అవతల ఉంది, పైగా కరెంటు తీసేసినా అందులో కరెంటు నిల్వ ఉండే కెపాసిటర్ షాక్ కొట్టగలదు.

తర్వాత కాయిల్ కింద నీళ్లు పట్టే ట్రేలో గ్లాసుడు నీళ్లు పోసి బాల్కనీలోకి వెళ్లి చూస్తే, ఆ నీళ్లు బయటికి పోయే పైపు నుంచి చుక్క రాలేదు. దొంగ దొరికాడు. ఉక్కపోత రోజున ఇలాంటి ఏసీ గంటకి లీటరు దాకా నీళ్లు వదలగలదు, ఆ తడికి దుమ్ము తోడై పైపులో నాచులా జిగురు పెరుగుతుంది. జాయింట్ ఊడదీసి, మావాడి సైకిల్ పంపుకి గుడ్డ చుట్టి, కిందికి వెళ్లే పైపులో బిగించి కొట్టడం మొదలుపెట్టాను. ఆరోసారో ఏడోసారో "పుక్కు"మంది. చేతికి ఒక్కసారిగా తేలికైంది. "చూశావా, మూడు వేల రెండొందలు మిగిల్చా" అని మా ఆవిడని కేకేసి పిలిచాను కూడా.

కింద నుంచి "అయ్యయ్యో!" అని వినిపించింది.

పైపు కొస కింద ఏముందో నేను చూసుకోలేదు. ఏసీ బిగించిన ఘనులు దాన్ని బిల్డింగ్ పైపులు దిగే షాఫ్ట్‌లోకి దించకుండా మూడో అంతస్తు బాల్కనీ మీద గాల్లో వదిలేసి పోయారు. ఆ బాల్కనీలో పాత కాటన్ చీర, చీర నిండా అప్పుడే పెట్టిన బూడిద గుమ్మడి వడియాలు, ఇంకా తడైనా ఆరలేదు. తెల్లటి వడియాల మీద నల్లటి జిగురు చుక్కలు, మధ్యలో వేలెడు పొడవు ముక్క ఒకటి వానపాములా.

పది నిమిషాల్లో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫోటో. "ఇది ఏ ఫ్లాట్ వారిదో దయచేసి తెలుపగలరు." పెట్టింది కింది ఇంటి ఆంటీ, ఆవిడకి తెలుసు ఎవరిదో, మా బాల్కనీ తప్ప పైన ఇంకేముంది? సెక్రటరీ గారు వెంటనే "బాల్కనీల నుంచి వ్యర్థాలు పారవేయరాదని మీటింగ్‌లోనే చెప్పాం" అని పెట్టారు. ఎవరో "డ్రైనేజీ లీకా?" అన్నారు. అయిదో అంతస్తు కుర్రాడు నవ్వే బొమ్మ పెట్టాడు. ఆఫీసులో పన్నెండు మందికి పని చెప్పేవాణ్ని, ఇక్కడ "సారీ, మాదే" అని టైప్ చేయడానికి నాలుగుసార్లు చెరిపాను.

నేనూ మా ఆవిడా కిందికి వెళ్లాం. తిడితే బావుండేది. ఆంటీ "ఒక్క మాట చెప్పి ఉంటే చీర లోపలికి లాక్కునేదాన్ని కదా బాబూ" అన్నారు, అంతే. డల్లాస్‌లో ఉన్న అమ్మాయికి పంపడానికట. అంకుల్ పేపర్ దించకుండానే "మెకానిక్‌ని పిలవొచ్చుగా" అన్నారు. మెకానిక్ కథ చెప్పే మొహం నాకెక్కడిది?

కూకట్‌పల్లి రైతుబజార్ నుంచి గుమ్మడికాయలు రెండు తెచ్చి, సాయంత్రమంతా వాళ్ల వంటింట్లో కూర్చుని నేనే తరిగాను. నా ముక్కలు పెద్దవని ఆంటీ రెండుసార్లు వెనక్కిచ్చారు. ఉప్పు, పసుపు కలిపి గుడ్డలో మూటకట్టి, నీరు దిగడానికి మీద పొత్రం పెట్టించారు. రాత్రి మా పైపు కొస షాఫ్ట్‌లోకి దించి, జాయింట్ బిగించి, ట్రేలో మళ్లీ నీళ్లు పోస్తే గలగలా పోయాయి. రెండు గంటలు ఏసీ నడిచినా బకెట్‌లో చుక్క లేదు.

ఇవాళ పొద్దున ఆంటీ రెండో వాయి వడియాలు పెట్టారు, వాళ్ల బాల్కనీలో కాదు, మా బాల్కనీలో. చీర పరిచేముందు నేను అయిదో అంతస్తుకి వెళ్లి ఆ కుర్రాడి ఏసీ పైపు ఎక్కడికి దిగుతోందో చూసొచ్చాను.