పాలో డ్యూరోలో నీళ్ల లెక్క

డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు లాంగ్ వీకెండ్ దొరికితే టెక్సస్‌లోనే ఉన్న పాలో డ్యూరో కాన్యన్ మంచి ట్రిప్పు. 287 హైవే పట్టుకుంటే దాని దగ్గరి ఊరు అమరిల్లోకి దాదాపు 360 మైళ్లు, ఆరు గంటలు. బల్లపరుపు నేల మీద కారు పోతూ ఉంటుంది, ఉన్నట్టుండి ఎదురుగా ఎర్రటి లోయ. కొన్నిచోట్ల 800 అడుగుల లోతు. రెడ్ రివర్ పాయ ఒకటి తొలిచింది. లోపలికి దిగే రోడ్డు 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో పనుల్లేని వాళ్లకు ప్రభుత్వం పనిచ్చి వేయించింది. పార్కు 1934లో తెరిచారు.

"మాది రామగుండం, మాకు ఎండ కొత్తా?" అనుకునేవాళ్లకే ఇక్కడ ప్రమాదం. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చొక్కా తడవకముందే చెమట ఆరిపోతుంది, ఒంట్లో నీరు ఎంత పోయిందో తెలియదు. టోపీ అంచున తెల్లటి ఉప్పు చార కనిపిస్తే చెమట బాగానే పోయినట్టే. పైగా ఏళ్ల తరబడి ఏసీ ఆఫీసుల్లో కూర్చున్న ఒళ్లాయె.

అందరూ నడిచేది లైట్‌హౌస్ అనే రాతి స్తంభం దాకా పోయే లైట్‌హౌస్ ట్రెయిల్. ఒకవైపు 2.7 మైళ్లు. చాలావరకు చదునే, అందుకే పోయేటప్పుడు హుషారు. చివర్లో నిటారుగా ఎక్కాలి. ఫొటోలయ్యి దిగేసరికి ఎండ నడినెత్తిన ఉంటుంది, తిరుగుదారిలో నీడ తక్కువ, నీళ్ల కుళాయి ఉండదు. చేతిలో అర లీటరు సీసాతో బయల్దేరినవాళ్లకు అప్పుడు అర్థమవుతుంది. మనిషికి గంటకు లీటరు చొప్పున, రానుపోను నాలుగు లీటర్లు మోయాల్సిందే. ఉత్త నీళ్లే తాగితే పోయిన ఉప్పు తిరిగి రాదు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. పెరుగన్నం కారులోనే పులిసిపోతుంది, పులిహోర నయం. వేసవిలో తెల్లారగానే మొదలెట్టాలి. నీళ్లు సగమయ్యాయంటే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి, లైట్‌హౌస్ కళ్లెదుటే ఉన్నా సరే.

లోయలోకి దిగే రోడ్డు బాగా వాలు. బ్రేకు మీద కాలు పెట్టుకునే దిగితే కాలిన వాసన వస్తుంది, తక్కువ గేరులో దించండి.

ఇది స్టేట్ పార్కు, నేషనల్ పార్కుల పాస్ ఇక్కడ చెల్లదు. వారాంతాలకు ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవాలి. వాన పడితే బంకమన్ను మన నల్లరేగడిలా బూట్లకు పట్టేస్తుంది, ట్రెయిళ్లు మూసేస్తారు. రోడ్డు ఏటిని దాటే చోట్ల నీళ్లు పొంగితే అదీ మూతే. ఇంట్లో కారెక్కకముందే పార్కు వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.