నచికేతుడు అడిగిన మొదటి వరం

కఠోపనిషత్తు అనగానే అందరికీ మూడో వరమే గుర్తొస్తుంది, చనిపోయాక మనిషి ఉంటాడా ఉండడా అని ఓ కుర్రాడు ఏకంగా యముణ్ణే నిలదీసిన ఘట్టం, ప్రవచనాల్లో కూడా మొదటి వరాన్ని రెండు ముక్కల్లో తేల్చేసి గబగబా అక్కడికే వెళ్లిపోతారు. నాకు మాత్రం చదువు కోసం దేశం దాటి వెళ్లినప్పటినుంచీ మొదటి వరం దగ్గరే బండి ఆగిపోతోంది.

కథ తెలిసిందే కదా, తండ్రి యాగం చేసి వట్టిపోయిన ముసలి ఆవుల్ని దానమిస్తుంటే కొడుక్కి మనసొప్పక మరి నన్నెవరికిస్తావు నాన్నా అని రెండోసారీ మూడోసారీ అడిగేసరికి ఆయన విసుగొచ్చి నిన్ను యముడికిస్తా పో అన్నాడు. కుర్రాడు నిజంగానే బయల్దేరి వెళ్లాడు. తీరా వెళ్తే ఇంటాయన లేడు! మూడు రాత్రులు ఆ ఇంట్లో తిండి లేకుండా ఉన్నాడు. అడ్రస్ పట్టుకుని పెట్టెలు ఈడ్చుకుంటూ వెళ్లి, తాళమేసిన హాస్టల్ ఆఫీసు ముందు కూర్చున్నవాళ్లకి ఈ సీను వేరే వివరించక్కర్లేదు.

యముడు తిరిగొచ్చాక ఇంట్లోవాళ్లు ఆయనతో అన్న మాట ఇదీ.

వైశ్వానరః ప్రవిశత్యతిథిర్బ్రాహ్మణో గృహాన్ ।
తస్యైతాం శాంతిం కుర్వంతి హర వైవస్వతోదకమ్ ॥

అతిథి అగ్నిలాగా ఇంట్లోకొస్తాడు, చల్లార్చాలి, ముందు నీళ్లు తీసుకురా అని. భార్యో మంత్రులో ఈ మాట అన్నారని శంకరుల భాష్యం. లోకమంతా వణికే యముడికి కూడా ఇంటికొచ్చిన మనిషిని పస్తు ఉంచావు అని చెప్పేవాళ్లు ఇంట్లో ఉన్నారన్నమాట. ఆయన కూడా ఎవరు నువ్వు, ఏ పని మీదొచ్చావు, కాగితాలేవి అని మొదలుపెట్టలేదు. నమస్కారం పెట్టి, మూడు రాత్రులు పస్తున్నావు కాబట్టి మూడు వరాలు కోరుకో అన్నాడు.

అప్పుడు నచికేతుడు అడిగిన మొదటిది ఏంటంటే మా నాన్న మనసు కుదుటపడాలి, నామీద కోపం పోవాలి, నేను తిరిగెళ్తే గుర్తుపట్టి పలకరించాలి. తనని అక్కడికి పంపేసిన మనిషి గురించి ముందు అడిగాడు చూడండి. దానికి యముడు ఇచ్చిన మాటలో ఒక ముక్క నాకు భలే ఇష్టం, "సుఖం రాత్రీః శయితా", ఇకమీదట మీ నాన్న రాత్రిళ్లు హాయిగా నిద్రపోతాడు.

కొడుకో కూతురో దేశంకాని దేశంలో దిగిన రాత్రి ఏ ఇంట్లోనైనా లేనిది ఆ నిద్రే.

నేను దిగింది అర్ధరాత్రి దాటాక, సిమ్ పనిచెయ్యట్లేదు, ఫోన్ ఆఖరి చుక్క ఛార్జింగ్ మీద ఉంది, బస్టాండులో వైఫైకి లోకల్ నంబర్ అడుగుతోంది, నేలతుడిచే ఒకావిడ తప్ప మనిషి లేడు. ఆవిడ నా మొహం చూసింది, తర్వాత నా పెట్టెల్ని చూసింది, తుడుపుకర్ర గోడకి ఆనించి మూలన ప్లగ్గులో ఉన్న తన ఫోన్ తీసేసి నాది పెట్టింది. ఆవిడ భాష నాకు రాదు, నా ఇంగ్లీషు ఆవిడకి రాదు, అయినా తన హాట్‌స్పాట్ ఆన్ చేసి నా ఫోన్లో పాస్‌వర్డ్ తనే కొట్టింది. చేరాను అని మెసేజ్ పెట్టానో లేదో బ్లూ టిక్స్ పడ్డాయి, అంటే అక్కడ ఇద్దరూ ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చున్నారు. నేను తలెత్తేసరికి ఆవిడ అటుపక్క వరసలో తుడుచుకుంటూ వెళ్లిపోతోంది. తైత్తిరీయోపనిషత్తులో చదువు పూర్తయిన శిష్యుడికి గురువు చెప్పే మాటల్లో "హ్రియా దేయం" అని ఒకటుంది, ఇచ్చేటప్పుడు కాస్త బిడియంతో ఇవ్వు అని. గొప్పగా కనపడకుండా ఇవ్వడం ఎలా ఉంటుందో ఆ రాత్రి చూశాను. ఎక్కడో రెండు ప్రాణాలకి తను నిద్ర ఇచ్చానని ఆవిడకి తెలియను కూడా తెలియదు.

ఇదేదో మన కాలం సంగతి అనుకోకండి. ఏడో శతాబ్దంలో హ్యూయన్‌త్సాంగ్ అనే బౌద్ధ భిక్షువు చైనా నుంచి నలందకి బయల్దేరింది చదువుకే, అదీ సరిహద్దు దాటకూడదని ఆంక్షలున్న రోజుల్లో దొంగచాటుగా. ఎడారిలో మొదటి కావలి బురుజు దగ్గర నీళ్లు పట్టుకుంటుంటే బాణాలు దూసుకొచ్చాయి, నేను రాజధాని నుంచొచ్చిన భిక్షువుని, కొట్టకండి అని అరిచాడట. అక్కడి అధికారి వాంగ్ సియాంగ్ పట్టుకుని వెనక్కి పంపెయ్యొచ్చు, ఆయన ఉద్యోగమే అది. ఆగిపొమ్మని నచ్చజెప్పి చూశాడు, వినకపోతే అన్నం పెట్టి, నీళ్లూ రొట్టెలూ కట్టించి, తనే కొన్ని మైళ్లు తోడొచ్చి, నాలుగో బురుజులో మావాడే ఉన్నాడు, నేను పంపానని చెప్పు అన్నాడు. 645లో 657 గ్రంథాలతో తిరిగెళ్లిన ఆ మహాపండితుడి చదువులో ఈ చెక్‌పోస్ట్ ఆఫీసరుకి వాటా లేదంటారా?

కఠంలో శ్లోకం బ్రాహ్మణ అతిథి అంటుంది నిజమే, కానీ తైత్తిరీయంలోనే భృగువల్లి అనే భాగం ఇంకా సూటిగా "న కంచన వసతౌ ప్రత్యాచక్షీత, తద్వ్రతమ్" అనేసింది, బస కోసం వచ్చినవాణ్ణి ఎవర్నీ కాదనకు, అది వ్రతం అని. నోములు, ఉపవాసాలతో సమానంగా దీన్నీ వ్రతాల లెక్కలో వెయ్యడం నాకు చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది, మనం మాత్రం దీనికి ఉద్యాపన చేసేసి చాలాకాలమైనట్టుంది.

అలాగని కనపడ్డ ప్రతివాడూ వాంగ్ సియాంగ్ కాడు, చూడని గదికి ముందే అడ్వాన్స్ పంపమనేవాళ్లూ, పాస్‌పోర్ట్ నా దగ్గరుంచు అనేవాళ్లూ అదే దారిలో ఉంటారు. "సంవిదా దేయం", తెలిసి ఇవ్వు అని ఇచ్చేవాడికి చెప్పారు, పుచ్చుకునేటప్పుడు కూడా తెలివి జేబులో పెట్టుకోవాల్సిందే.

కొత్తగా వెళ్తున్న పిల్లలు ఒకటి గమనించండి. నాన్న మనశ్శాంతి అడగ్గానే ఇచ్చేశాడు యముడు, రెండోది అగ్నివిద్య, అదీ నేర్పి పైగా ఆ అగ్నికి కుర్రాడి పేరే పెట్టాడు. మూడోది అసలు చదువు, దానికి మాత్రం ఇది వద్దు ఇంకోటి అడుగు, ఏనుగులిస్తా బంగారమిస్తా అని ఎన్ని పరీక్షలు పెట్టాడో! ఆ పరీక్షలు మాత్రం ఏ పరాయి మనిషీ మన బదులు రాసిపెట్టడు.