కార్బన్ హార్డ్‌టెయిల్ కొన్నాను, 'అంకుల్' అని పిలిపించుకుని మరీ

బండి చేతికొచ్చింది. మౌంటెన్ సైకిళ్ల క్రాస్ కంట్రీ రేసుల కోసం కార్బన్ హార్డ్‌టెయిల్, అంటే ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండే కార్బన్ ఫైబర్ సైకిల్. సంతోషం ఎంతుందో కోపం కూడా అంతే ఉంది కాబట్టి రెండూ చల్లారకముందే రాసేస్తున్నా.

హార్డ్‌టెయిలే ఎందుకని చాలామంది అడిగారు. 2012 లండన్ ఒలింపిక్స్ మౌంటెన్ బైక్ రేసులో చెక్ రైడర్ యారోస్లావ్ కుల్హావీ వెనక కూడా సస్పెన్షన్ ఉన్న బండి మీద స్వర్ణం కొట్టాడు. పెద్ద రేసుల్లో ఇప్పుడు చాలామంది అటే మొగ్గుతున్నారు. నిజమే, కానీ వాళ్లకి బండి కడిగి, బేరింగులు మార్చి ఇచ్చే మెకానిక్కులుంటారు. నా బండికి మెకానిక్‌ని నేనే. వెనక షాక్, పివట్లు (కదిలే కీళ్లు) లేకపోతే ఆ మేరకు పని తగ్గుతుంది, అదే డబ్బుకి మంచి చక్రాలు కూడా వస్తాయి. 29 అంగుళాల చక్రాలు, ముందు 100 నుంచి 120 మిల్లీమీటర్ల ట్రావెల్ (కుంగే దూరం) ఉన్న ఫోర్కు. ఇంతవరకూ తేల్చుకోవడం పెద్ద కష్టం కాలేదు.

చిక్కంతా సైజు దగ్గరే వచ్చింది. కంపెనీ పట్టికలో నా ఎత్తు మీడియంలోనూ పడింది, లార్జ్‌లోనూ పడింది. పెద్ద దుకాణం కదా, కొలిచి చెబుతారులే అని వెళ్లాను. అక్కడి కుర్రాడు నన్ను పైనుంచి కిందికి ఓసారి చూసి, "అంకుల్, మీకు హార్డ్‌టెయిల్ ఎందుకు? నడుం పోతుంది. రేసులకేనా?" అన్నాడు. పక్కన టైర్లు చూస్తున్న ఇద్దరు కిసుక్కున నవ్వారు. సరే, వయసు దాచుకునేదేమీ కాదు గనక ఊరుకున్నాను. రీచ్ (ఫ్రేమ్ పొడవు కొలత, కింద వివరిస్తా) ఎంత అని అడిగితే సమాధానం చెప్పకుండా లార్జ్ ఫ్రేమ్‌ని ఒంటి చేత్తో ఎత్తి చూపించాడు. ఎంత తేలికో చూడమని! అందులో పెడల్స్ లేవు, టైర్లలో సీలెంట్ (పంక్చర్లు పూడ్చే ద్రవం) లేదు. కంపెనీలు గొప్పగా చెప్పే ఫ్రేమ్ బరువు కూడా చాలాసార్లు ఒకే సైజుది, కొన్నిసార్లు రంగు వేయకముందుది.

లార్జ్ మీద కూర్చుంటే చేతులు బారుగా చాచాల్సి వచ్చింది. ఆ మాట అనగానే సీటు ముందుకి జరిపాడు, స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే ముక్క) తీసి పొట్టిది బిగించాడు. "ఇప్పుడు చూడండి, పర్ఫెక్ట్" అన్నాడు. తర్వాత తెలిసిందేమిటంటే షాపులో మీడియం అసలు లేనే లేదు. ఆ ముక్క ముందే చెప్తే సరిపోయేది.

ఇక్కడ కాస్త ఆగి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ 'పర్ఫెక్ట్' చాలామందికి అంటగడుతున్నారు. రీచ్ అంటే పెడల్ క్రాంకులు తిరిగే ఇరుసు మధ్య నుంచి హెడ్‌ట్యూబ్ (ఫ్రేమ్‌లో ఫోర్కు దూరే ముందు గొట్టం) పైభాగం మధ్య వరకు అడ్డంగా ఉండే దూరం. దిగుడులో రాళ్ల మీద నిలబడి తొక్కేటప్పుడు ఒంటికి తెలిసేది అదే. సీటు ముందుకి జరిపితే కూర్చున్నప్పుడు దగ్గరైనట్టు అనిపిస్తుంది గానీ రీచ్ ఒక్క మిల్లీమీటరు కూడా మారదు. పైగా పెడల్‌కీ మోకాలికీ ఉండాల్సిన పొందిక పోతుంది. స్టెమ్ మరీ పొట్టిదైతే హ్యాండిల్ తిరిగే తీరే మారిపోతుంది. ఇదంతా చెప్పబోతే, "నెట్‌లో చదివొచ్చి మాకు చెప్తారు" అని అందరూ వినేలా అన్నాడు. ముప్పు తప్పించుకుని బయటపడ్డాను.

ఇంటికొచ్చి పాత బండిని సమంగా ఉన్న నేల మీద నిటారుగా నిలబెట్టి, వెనక చక్రం గోడకి ఆనించాను. గోడ నుంచి హెడ్‌ట్యూబ్ పైభాగం మధ్యకి ఎంతో కొలిచి, అందులోంచి గోడకీ ఆ క్రాంకుల ఇరుసుకీ మధ్య దూరం తీసేస్తే రీచ్ వస్తుంది. నాకు 432 మిల్లీమీటర్లు వచ్చింది. నాకు కావలసిన మోడల్‌లో మీడియం దానికి బాగా దగ్గర. టేపు చేసిన పని అంత పెద్ద దుకాణం చేయలేకపోయింది. సైజు తెలియకుండా షాపులో అడుగుపెట్టారంటే వాళ్ల దగ్గర మిగిలిందే మీ సైజు అయిపోతుంది.

వేరేచోట మీడియం దొరికింది. అక్కడి మెకానిక్ పెద్దగా మాట్లాడడు, నిలబడి తొక్కి చూసుకోమని బండి చేతికిచ్చాడు. అంతే.

మిగతావి గబగబా చెప్తా. బాటమ్ బ్రాకెట్ (క్రాంకుల ఇరుసు తిరిగే బేరింగుల భాగం) మరలతో బిగించేది ఉంటే అదే తీసుకోండి. మరలు లేకుండా ఫ్రేమ్‌లోకి నొక్కిపెట్టే ప్రెస్‌ఫిట్‌లో దుమ్ము చేరాక వచ్చే కిర్రుకిర్రు నా పాత బండితో బాగా అనుభవమే. బ్రేక్ గొట్టాలు హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి) బేరింగుల మధ్యనుంచి పోయే ఫ్రేములు చూడ్డానికి భలే ఉంటాయి గానీ పై బేరింగు మార్చాలంటే గొట్టం ఊడదీయాల్సి రావచ్చు, నాకొద్దు. గేర్లు మార్చే డిరైలర్‌ని పట్టుకునే వెనక హ్యాంగర్ యూడీహెచ్ (యూనివర్సల్ డిరైలర్ హ్యాంగర్) రకమైతే విరిగినా సులువుగా దొరుకుతుంది. వెనక 2.4 అంగుళాల టైరు పడుతుందో లేదో అడగండి. హార్డ్‌టెయిల్‌లో వెనక సస్పెన్షన్ అంటూ ఉందంటే అది టైరే. నాది ట్యూబ్‌లెస్, 20 పీఎస్‌ఐ దగ్గర తొక్కుతున్నా, ఆ కుర్రాడు భయపెట్టిన నడుం శుభ్రంగా ఉంది. సెకండ్ హ్యాండ్ కార్బన్ మాత్రం వద్దు. లోపలి పగులు కంటికి కనపడకపోవచ్చు, వారంటీ చాలా కంపెనీల్లో మొదట కొన్నవాడికే. ఎంత బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ కూడా కొనండి, సీటు క్లాంప్ మీద రాసిన న్యూటన్ మీటర్లు దాటి బిగించకండి.

మొదటి రైడ్‌లోనే నిటారు ఎత్తు మీద నా వయసులో సగం ఉన్నవాళ్లని దాటేశాను, ఆ సంగతి రాయకుండా ఎలా ఉంటాను! ఫోర్కు మాత్రం ఇంకా కుదరలేదు. 20 శాతం సాగ్‌తో (నా బరువుకే ఫోర్కు కుంగే మేర) మొదలుపెట్టాను, వరుసగా చెట్ల వేళ్లు వచ్చినచోట కాస్త కుంగిపోతోంది. వచ్చే రైడ్‌కి రిబౌండ్ (కుంగిన ఫోర్కు తిరిగి పైకి లేవడం) ఒకట్రెండు క్లిక్కులు వేగం చేసి చూస్తా.