జాహ్నవి కోసం వచ్చావు కదమ్మా

ఈ జనవరిలో, మార్టిన్ లూథర్ కింగ్ సెలవు రోజుకు ముందు రాత్రి, మా అమ్మాయి అట్ట ముక్క మీద మార్కర్‌తో ఏదో రాసుకుంటోంది. సియాటిల్‌లో ఏటా ఆ రోజు గార్ఫీల్డ్ హైస్కూల్ దగ్గర సభ, అక్కడి నుంచి ఊరేగింపు ఉంటాయి. "రేపు నేనూ వస్తా" అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. తల ఎత్తకుండానే "వద్దులేమ్మా" అంది. ఎందుకని అడిగితే మార్కర్‌కి మూత పెట్టి చెప్పింది: "నువ్వు మనవాళ్ళకి ఏమైనా అయితేనే వస్తావు. జాహ్నవి కోసం వచ్చావు కదా, అలా."

కోపంగా అని ఉంటే నేనూ కోప్పడి మర్చిపోయేదాన్ని. మామూలుగా అంది, పాలు అయిపోయాయని చెప్పినట్టు. అప్పటి నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు.

2020లో దానికి పదకొండేళ్ళు. మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి చనిపోయేలా అతని మెడ మీద పోలీసు తొమ్మిదిన్నర నిమిషాలు మోకాలు ఆనించిన వీడియో పిల్లలందరూ చూశారు, నేను దాచినా మా పిల్లా చూసింది. దానికి నిరసనగా జూన్ 12న ఇక్కడ జడ్కిన్స్ పార్కు నుంచి జెఫర్సన్ పార్కు దాకా వానలో 60 వేల మంది ఒక్క నినాదం లేకుండా నడిచారు. పక్కింటివాళ్ళు పిల్లలతో వెళ్తూ మమ్మల్నీ పిలిచారు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి మా అమ్మాయి బూట్లు వేసుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. ముందు కరోనా అన్నాను. తర్వాత టియర్ గ్యాస్ అన్నాను. చివరికి అసలు మాట వచ్చింది: "మనం వీసా మీద ఉన్నాం. ఆ వైపు వెళ్ళొద్దు." బూట్ల లేసులు విప్పుకుంటూ, "నేను ఇక్కడే పుట్టాను కదమ్మా" అంది.

ఆ భయం అబద్ధం కాదు. ఎచ్‌వన్ మీద, గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ళ తరబడి బతికేవాళ్ళకి ఒక్క అరెస్టు కాగితం ఎంత దూరం వెంటాడుతుందో తెలుసు. కానీ ఆ రోజు నడిచింది గొడుగులు వేసుకున్న ముసలివాళ్ళు, తోపుడుబళ్ళలో పసిపిల్లలు. అక్కడ నిజంగా ప్రమాదం ఎంత అని నేను లెక్క వేయలేదు. వేయాలనుకోలేదు. పిల్లని ఊరుకోబెట్టడానికి జూమ్‌లో జరుగుతున్న ఒక చర్చలో కూర్చోబెట్టి, కెమెరా ఆపేయమన్నాను. అదే రాత్రి మా వాట్సాప్ గ్రూపులో ఒకరు "మనకెందుకండీ ఈ గొడవలు, పిల్లల చదువులు చూసుకుందాం" అని పెడితే బొటనవేలి గుర్తు నొక్కాను. అది ఎవరికీ గుర్తుండదు. నాకు గుర్తుంది.

ఆ తర్వాత కందుల జాహ్నవి. ఆదోని అమ్మాయి, 23 ఏళ్ళు, ఇక్కడ ఎమ్మెస్ చదువుతోంది. 2023 జనవరి 23 రాత్రి రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్దేసింది. గంటకు 25 మైళ్ళు దాటకూడని వీధిలో అది అంతకుముందు క్షణాల్లో 74 మైళ్ళ వేగంతో వచ్చింది. సెప్టెంబరులో ఇంకొక పోలీసు మాటల రికార్డు బయటపడింది. ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదనీ, 11 వేల డాలర్లకి చెక్కు రాసిస్తే సరిపోతుందనీ నవ్వుతూ అన్నాడు. అది విన్న రోజు వీసా గుర్తు రాలేదు, రేపటి మీటింగు గుర్తు రాలేదు. పిల్లని నేనే లాక్కుని వెళ్ళాను.

డెక్స్టర్ అవెన్యూలో ఆమె పడిపోయిన ఆ మలుపు దగ్గర నా పక్కన ఒక నల్లజాతి పెద్దావిడ నిలబడింది. అట్ట మీద జాహ్నవి పేరు రాసుకొచ్చింది. నన్ను చూసి, ఈ పేరు సరిగ్గా ఎలా పలకాలో చెప్పమంది. చెప్పాను. "జాహ్" దగ్గర ఆగి మళ్ళీ అడిగింది. నాలుగోసారికి "జాహ్నవి" అని అచ్చం మనలాగే పలికి, కళ్ళు తుడుచుకుని ముందుకు నడిచింది. ఇదంతా మా అమ్మాయి చూసింది. కారెక్కాక, "ఆ ఆంటీ మన కోసం వచ్చారు. వాళ్ళ కోసం మనం రాలేదు" అంది. ఆ రోజు నేను ఏడుస్తున్నాను కాబట్టి ఆ మాటకు జవాబు చెప్పక్కర్లేకపోయింది.

పిల్లల్ని మొదటిసారి ఇలాంటి వాటికి తీసుకెళ్ళేవాళ్ళు అడిగితే నేను చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి. తప్పిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోండి. ఫోన్ నంబరు చేతి మీద పెన్నుతో రాయండి. వేరేవాళ్ళ ముఖాలు కనిపించే ఫొటోలు గ్రూపుల్లో పెట్టకండి, దానివల్ల వాళ్ళకి చిక్కులు రావచ్చు. వీసా మీద ఉంటే లాయరుని అడిగి వెళ్ళండి, గ్రూపులో వచ్చే ఫార్వర్డ్‌ని కాదు. 1964లో పౌరహక్కుల చట్టం తెచ్చిన నల్లజాతివాళ్ళ పోరాటమే మరుసటి ఏడాది వలస చట్టాన్నీ మార్పించిందనీ, ఆ తలుపులోంచే మనం ఈ దేశంలోకి వచ్చామనీ పిల్లలకు చెప్పండి. ఇవన్నీ చెప్పగలను. కానీ ఎవరి కోసం బయటికి రావాలి, ఎవరి కోసం ఇంట్లో కూర్చోవచ్చు అన్నది నా బిడ్డకు నేర్పే అర్హత నాకు ఉందా అంటే, తెలియదు. ఎందుకంటే "ఆ వైపు వెళ్ళొద్దు" అన్న మాట నాది కాదు. నేను విని నేర్చుకున్నది.

మాది చీరాల. 1985 జులైలో నాకు ఏడేళ్ళు. కారంచేడులో తాగునీటి చెరువు దగ్గర మొదలైన తగాదాకు మర్నాడు కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్ళు ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. మేం ఆ ఊరివాళ్ళం కాదు, ఆ రెండు కులాల్లో ఏదీ మాది కాదు. నాకు గుర్తున్నది ఒక్కటే: గోడ పక్కన కట్టిన గుడ్డల నీడలో నా వయసు పిల్ల ఒకతి ఖాళీ సత్తు గిన్నె బోర్లించి వాయిస్తోంది. మా అమ్మ నా రెక్క పట్టుకుని లాగింది. "ఆ వైపు వెళ్ళొద్దు."

ఈ జనవరి సెలవు రోజు పొద్దున, కారులో, ఇదంతా మొదటిసారి పిల్లకు చెప్పాను. గార్ఫీల్డ్ దగ్గర దింపాక కారులోనే కూర్చున్నాను. వద్దంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఊరేగింపు కదిలాక దిగి వెనకాల నడిచాను, దానికి కనపడనంత దూరంలో. అది దాని మాట మన్నించడమో, నా పాత అలవాటో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

రాత్రి అన్నం తింటూ అడిగింది: "అప్పుడు తాతయ్య ఏం చేశారు?"

నాన్న హైస్కూల్ మాస్టారు. ఆ చర్చి మీదుగానే రోజూ సైకిల్ మీద వెళ్ళేవారు. నలభై ఏళ్ళలో ఆయన్ని నేను ఈ మాట అడగలేదు. ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. చీరాలలో అప్పుడే తెల్లవారింది. ముందు కాఫీ తాగుతున్నానన్నారు, పిల్లకి పరీక్షలెప్పుడు అన్నారు. మళ్ళీ అడిగాను.

"గవర్నమెంటు ఉద్యోగం. నువ్వేమో చిన్నపిల్లవి" అని ఆగారు. కాసేపటికి అన్నారు: "చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణమ్మా."

మా అమ్మాయి ఫోన్ దగ్గరికి వంగి, "ఎన్ని రోజులు తాతయ్యా?" అంది.

"వాళ్ళు అక్కడ ఉన్నన్నాళ్ళూ."