చెయ్యి లేపక్కర్లేని జాకెట్టు

పెరాలసిస్ వచ్చిన మనిషికి జాకెట్టు తొడిగే పద్ధతి ఒకటుంది. ముందు పడిపోయిన చెయ్యి ఎక్కించాలి, తర్వాత మంచి చెయ్యి. విప్పేటప్పుడు మంచి చెయ్యి ముందు, పడిపోయింది ఆఖరున. విజయవాడ సత్యనారాయణపురంలో పాతికేళ్లుగా జాకెట్లు కుడుతున్న నాకు, ఆ సంగతి ఫిజియోథెరపీ అమ్మాయి చెబితేగానీ తెలియలేదు.

నాకు స్ట్రోక్ వచ్చింది ఎడమ మెదడులో. అందుకే కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ దెబ్బతిన్నాయి. మూతి పక్కకి పోయిందని ముందు చూసింది మా కోడలు. పసరు మందు పోయించమని చుట్టాలు అంటున్నా వినకుండా 108కి ఫోన్ చేసింది. రక్తం గడ్డ కట్టి వచ్చిన స్ట్రోక్ అయితే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలట. మెదడులో రక్తం కారలేదని స్కాన్‌లో తేల్చుకున్నాకే ఇస్తారు, అదీ అందరికీ కాదు. నాకు టైముకి పడింది. మీ ఇంట్లో ఎవరికైనా మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా దయచేసి పసరు దగ్గరికి వెళ్లకండి. స్కాన్ ఉన్న ఆసుపత్రికి పరుగెత్తండి.

ఇంటికొచ్చాక రోజూ పొద్దున్నే జాకెట్టు దగ్గర యుద్ధం. చంక బిగుతు, చేతులు మోచేతి దాకా బిగుతు. పట్టు లేని చెయ్యి పట్టుకుని లాగితే భుజం కీలు జారుతుంది, లాగకపోతే జాకెట్టు ఎక్కదు. కోడలికి చెమటలు, నాకు ఏడుపు. పక్షవాతం తర్వాత దిగులు ముగ్గురిలో ఒకరికి దాకా వస్తుందని, దానికీ మందుందని డాక్టరుగారు చెప్పారు. వేసుకున్నాను, పనిచేసింది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

మనసు కాస్త కుదుటపడ్డాక పాత జాకెట్టు ఒకటి ఒళ్లో పెట్టుకుని, కుడి పక్క కుట్టు విప్పమని కోడలికి సైగ చేశాను. నడుము దగ్గర్నుంచి చంక మీదుగా చేతి అంచు దాకా మొత్తం విప్పించి, అంచులకి వెల్‌క్రో వేయించాను. హుక్సుల చోటా వెల్‌క్రోనే, పైన చూడ్డానికి గుండీలు. చంకలో మాత్రం వెల్‌క్రో వేయకూడదు, చర్మం గీరుకుపోతుంది. అక్కడ మెత్తటి నూలు పట్టీ వేసి వదిలేయాలి. ఇప్పుడు చెయ్యి లేపే పనే లేదు. ఒళ్లో ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచి, జాకెట్టు పైనుంచి కప్పి, కింద అంటిస్తే చాలు.

మామూలు కత్తెర కుడిచేతి వాటానికి చేసింది. ఎడమ చేత్తో పడితే గుడ్డ తెగదు, రెక్కల మధ్య మడత పడుతుంది. అందుకే కొలతలు, గీతలు నావి, కటింగ్ కోడలిది. మిషనుకి మోటారు పెట్టించుకుని ఎడమ కాలితో నొక్కుతున్నాను. కుడి చెయ్యి గుడ్డ మీద ఆనించి ఉంచుతాను. అదీ వ్యాయామమేనట, చేసిన పనే మళ్లీ మళ్లీ చేస్తుంటే మెదడు కొత్తదారి వెతుక్కుంటుందట. గుడ్డ, వెల్‌క్రో వన్‌టౌన్ నుంచి మా అబ్బాయి తెస్తాడు.

ఫిజియో అమ్మాయి నోటి మాటగా చెబితే కృష్ణలంక నుంచి ఒక రిటైర్డ్ టీచరుగారు వచ్చారు. మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి నైటీలో కూర్చోనని, అసలు రానని పట్టుబట్టారట. ఆవిడకి ఆవపువ్వు రంగు జాకెట్టు, కుచ్చిళ్లు ముందే కుట్టేసి నడుముకి పట్టీ వేసిన చీర సిద్ధం చేశాం. తొడిగి చూశాక అద్దం తెమ్మన్నారు. ఆవిడకీ మాట సరిగ్గా రాదు, నాకూ అంతంతమాత్రమే. ఆ పూట మా ఇద్దరికీ మాటల అవసరం పడలేదు. పాతికేళ్లలో ఎన్నో పెళ్లి జాకెట్లు కుట్టాను. ఏ జాకెట్టు ఇచ్చినప్పుడూ నాకింత తృప్తి లేదు. పొద్దున లేవగానే ఇవాళ ఎవరిది కుట్టాలి అన్న ఆలోచన వస్తోందంటే అది ఈ పని వల్లే.

మొన్న భవానీపురం నుంచి ఒకాయన చొక్కా అడిగారు. మగవాళ్ల బట్టలు నేనెప్పుడూ కుట్టలేదు, కాలరు సంగతి ఇంకా చూస్తున్నాం.

మీ ఊళ్లో టైలరు చేత కుట్టించుకునేట్టయితే పాత ఆది జాకెట్టు ఇవ్వకండి. పడిపోయిన వైపు భుజం సన్నబడుతుంది, కొలత మారిపోతుంది. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి ఒళ్లో పెట్టించి, రెండు వైపులా విడివిడిగా కొలవమనండి.